ముక్కు కుట్టించే ఆదివారం

వందన ముక్కు మీద ఇంతమందికి ఇంత శ్రద్ధ ఉందని పెళ్లి కుదిరేదాకా ఆమెకు తెలియదు. తాంబూలాలు పుచ్చుకున్న మర్నాటి నుంచి ఆ ముక్కు ఉమ్మడి ఆస్తి అయిపోయింది. రాయి తెల్లదైతే రంగుకు నప్పుతుందని పక్కింటావిడ అంటే, ఎర్రదైతేనే పెళ్లికళ అని ఎదురింటావిడ అంది. కుడివైపా ఎడమవైపా అని వీధి కుళాయి దగ్గర చిన్నపాటి సభే జరిగింది. ముక్కు ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

గురువారం సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తల్లి సుభాషిణి గుమ్మంలో ఫోన్ మాట్లాడుతోంది. అవతల గురజాల నుంచి నాగేంద్రమ్మ, పెళ్లికొడుకు గోపీచంద్ తల్లి. ఆవిడతో మాట్లాడేటప్పుడు సుభాషిణి గొంతు సగానికి సగం తగ్గిపోతుంది. నరసరావుపేట మార్కెట్లో కూరగాయలవాళ్లను గడగడలాడించే మనిషి ఈవిడేనా అనిపిస్తుంది.

"అట్టాగే వదినా... మీ మాట కాదంటామా వదినా... సరే వదినా, ఉంటా."

ఫోన్ పెట్టేసి, వెలిగిపోతున్న మొహంతో ఇటు తిరిగింది. "ఆదివారం చానా మంచిదంట. ఆమే వస్తదంట, దగ్గరుండి ముక్కు కుట్టిస్తదంట. వాళ్ళింట్లో ముక్కు కుట్టని పిల్ల పీటల మీద కూర్చోదంట. వాళ్లమ్మ పెట్టుకున్న పుడక దాచిందంట, అది నీకేనంట."

"ఈ ఆదివారమా?" వందన భుజాన సంచి భుజానే ఉండిపోయింది. "సోమవారం నేను ల్యాబ్‌లో చేరాలిగా అమ్మా."

"చేరు. ముక్కుకీ ల్యాబ్‌కీ ఏంది సంబంధం?"

సంబంధం ఉంది. ఊరి చివర ఆ ఫ్యాక్టరీలో మిరపకాయను పొడి కొట్టి, పొట్లాలు కట్టి, విదేశాలకు పంపుతారు. లోపలికి వెళ్లే ప్రతి ఆడమనిషీ గేటు దగ్గర కమ్మలు, గాజులు, ఉంగరాలు, పిన్నీసులు తీసి డబ్బాలో పెట్టాలి. పుస్తెలతాడును జాకెట్టులోకి దోపి పైన టేపు వేస్తారు. సెక్యూరిటీ ఆవిడ టార్చి వేసి చెవులూ ముక్కులూ చూసిగానీ పంపదు. ఒకసారెప్పుడో ఎవరిదో ముక్కుపుడక రాయి పొడిలో పడి, సరుకంతా ఓడరేవు నుంచి వెనక్కి వచ్చింది. అప్పటినుంచి కంపెనీవాళ్లకు ముక్కుల మీద నమ్మకం పోయింది.

పాత కన్నం ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. పొద్దున తీసి సాయంత్రం పెట్టుకుంటారు. కొత్తగా కుట్టిన ముక్కు సంగతి వేరు. పచ్చి ఆరేదాకా, అంటే ఒకటి రెండు నెలలైనా, తీగ తియ్యకూడదు. తీస్తే పూటలో పూడుకుపోతుంది.

"తీగ ఉంటే గేటు దాటనియ్యరమ్మా," అంది వందన.

"నీ ఒక్కదానికి ఏదో సద్దుతార్లే. మీ మేడం మంచిదేగా, అడుగు."

మోటార్లు చుట్టే షాపు నుంచి తండ్రి హనుమయ్య అప్పుడే వచ్చాడు. "ఏంది గొడవ?" అన్నాడు. "ముక్కు" అంది సుభాషిణి. "ముక్కా!" అని, ఇది తనకు సంబంధించిన శాఖ కాదన్నట్టు కాళ్లు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లిపోయాడు.

శుక్రవారం వందన మేడమ్‌ను అడిగింది. రెండేళ్లు ప్యాకింగ్ లైన్‌లో నిలబడి నిలబడి కాళ్లు వాచిన పిల్ల. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి పొట్లాలు సర్దడమేమిటని ఎన్నిసార్లు అనుకుందో. పొడి రంగు దిగిపోతుంటే కంటితో చూసి ముందే చెప్పగలదని కనిపెట్టి, ల్యాబ్ మేడమే ఆమెను కోరి తీసుకుంటోంది. రంగు ఎంతుంది, ఘాటు ఎంతుంది, తేమ ఎంతుంది అని తేల్చే పని. కూర్చుని చేసే పని. ఆ గదిలోకి అద్దంలోంచి చూసినప్పుడల్లా వందన కళ్లు అక్కడి ఖాళీ కుర్చీ మీదే ఆగేవి. సోమవారం నుంచి ఆ కుర్చీ ఆమెది.

మేడమ్ మాస్కు దించకుండానే అంతా విని, "నాకైతే అభ్యంతరం లేదమ్మా, గేటుకుంది," అంది. "కన్నం ఉంటే ఏం కాదు. లోహం ఉండకూడదు. పుండు మానాక రా, లైన్‌లో చోటుంటే చూద్దాం. ల్యాబ్ మాత్రం అన్నాళ్లు ఖాళీగా ఉంచలేను. పెద్ద ఆర్డర్ సోమవారమే మొదలు."

అన్నం దగ్గర సంగతంతా విని హలీమా నవ్వింది. లైన్‌లో వందన పక్కన నిలబడే మనిషి. పాత కన్నం గల అదృష్టవంతురాలు.

"పిచ్చిదానా, ఇంతోటిదానికి ఏడుపు మొహం ఎందుకే? కన్నం అక్కర్లేని నొక్కుడు పుడకలు లేవూ? పొద్దున పీకెయ్, సాయంత్రం నొక్కెయ్. మీ అత్తకి కావాల్సింది ముక్కు మీద మెరుపేగా!"

షిఫ్టు దిగాక ఇద్దరూ స్టేషన్ రోడ్డులో ఫ్యాన్సీ షాపుకు వెళ్లారు. అట్టకు గుచ్చిన పుడకల్లో సన్నదాన్ని ఏరి హలీమా వందన ముక్కుకు నొక్కింది, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వందన అద్దంలో చూసుకుంది. నిజం చెప్పాలంటే బాగుంది. తన మొహంలో ఇన్నాళ్లూ ఏదో తక్కువైందని, అది ఇదేనని అనిపించింది. ముక్కు కుట్టించుకోవడం ఆమెకు ఎప్పుడూ అయిష్టం కాదు. ఆదివారం అన్నదే చిక్కు.

ఇంట్లో అడుగు పెట్టగానే సుభాషిణి "అయ్యో, అప్పుడే కుట్టించేసుకున్నావేందే?" అని గుండె మీద చెయ్యేసుకుంది. దగ్గరికొచ్చి తాకింది. అది ఊడి చేతిలోకొచ్చేసరికి తల్లీకూతుళ్లిద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. వందన ఫొటో తీసి గోపీచంద్‌కు పంపింది. క్షణంలో ఎర్రగుండె వచ్చి వాలింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. ఆ చిన్న ఇనుప నొక్కుతో గండం గడిచిందనే అనుకుంది, పిచ్చితల్లి.

శనివారం షిఫ్టు దిగేసరికి గోపీచంద్ గేటు బయట బండి మీద ఉన్నాడు. వాళ్లకు గురజాలలో పురుగుమందుల కొట్టు ఉంది, పేటలో ఇంకొకటి ఈ మధ్యే తెరిచారు. కాపురం పేటలోనే కాబట్టి పిల్ల ఉద్యోగానికి ఇబ్బంది లేదని పెళ్లిచూపులనాడే అనుకున్నారు. నాగేంద్రమ్మే "చేసుకోనీ వదినా, చదువుకున్న పిల్ల" అంది. ఆ ఒక్క మాటకే వందన సరేనంది.

రోడ్డు పక్క చెరుకురసం బండి దగ్గర ఆగారు. గోపీచంద్ మంచివాడు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి చెడ్డమాట చెప్పలేడు. గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"ఆ నొక్కుడుది అమ్మ వద్దంటంది."

"ఫొటోలో తేడా తెలిసిందా?"

"నేనే చెప్పా."

వందన గ్లాసు బండి మీద పెట్టేసింది. "సరే, నొక్కుడుది వద్దు. నిజంగానే కుట్టించుకుంటా. పెళ్లయ్యాక రెండు మూడు నెలలాగి. ఈలోపు ల్యాబ్‌లో కుదురుకుంటా, అప్పుడు సెలవు పెట్టినా ఊరుకుంటారు. కాదంటల్లేదు, కాస్త ఆగమంటన్నా, అంతే."

"అమ్మ ఆదివారమే అంటంది."

"ఆదివారమే ఎందుకు?"

"సోమవారం లోపయితే..." అని ఆగిపోయాడు.

"సోమవారం లోపయితే?"

అతను గ్లాసులో స్ట్రాతో ఐసు ముక్కను తిప్పుతున్నాడు. "ల్యాబ్‌లో కుదురుకున్నాక మానాలంటే నీకు కష్టంగా ఉండిద్ది గదా. ఇప్పుడయితే అలవాటు కాకముందే..."

"నన్ను ఎవరు మానమన్నారు? చేసుకోనీ అన్నారుగా అందరూ."

"అన్నాం. ఇప్పుడూ ఎవరూ మానమంటల్లేదు వందనా." ఆ మాట అనేటప్పుడు అతను తలెత్తి ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. అది నిజమే కదా మరి.

"గేటు సంగతి మీ అమ్మకెట్టా తెలిసింది?"

అడిగాక గుర్తొచ్చింది. టార్చి ఆవిడ ముక్కుల్లోకి తొంగి చూడటం, ఒకామె తుమ్మితే ఆవిడ టార్చి వదిలేసి పారిపోవడం, తనే ఫోన్‌లో కథగా చెప్పింది. ఇద్దరూ ఎంతసేపు నవ్వుకున్నారని.

"నేనే చెప్పా," అన్నాడు గోపీచంద్. "అమ్మ కూడా బాగా నవ్వింది."

ఇంటికి నడుస్తుంటే వందనకు దారి తోచలేదు. ఎవరి మీద కోప్పడాలి? పేచీ పెడితే ఊరు ఏమంటుంది? ముక్కు కుట్టించుకోమన్నారని పెళ్లి చెడగొట్టుకున్న పిల్ల అంటుంది. ఉద్యోగం మానమన్నారా అని అడుగుతారు. ఒక్కరూ అనలేదు. అత్తగారు చెడ్డదా? వాళ్లమ్మ పుడక తెచ్చి పెడుతోంది. ఏ వైపు తిరిగినా ప్రేమే గోడలా అడ్డంగా ఉంది. గోడకు తల కొట్టుకుంటే నొప్పి మనకే.

ఇంట్లో సుభాషిణి గడపకు పసుపు రాస్తోంది. పప్పు నానబోసింది, తమలపాకులు తడిగుడ్డలో చుట్టింది, ముక్కు కుట్టే ఆచారికి ఇచ్చే బియ్యం చేటలో పోసి ఉంచింది. "హలీమాని కూడా రమ్మను," అంది ఉత్సాహంగా. వందన సరేనంది. అమ్మకూ తెలిసే ఉంటుందనుకుంది. అన్ని "అట్టాగే వదినా"ల్లో ఇదీ ఒకటై ఉంటుంది. తెలిసి పసుపు రాస్తున్న మనిషితో ఇక చెప్పేదేముంది?

ఆదివారం నాగేంద్రమ్మ కారు దిగుతూనే వందన గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అరిసెలు, అరటిపళ్లు, చీర తెచ్చింది. దూదిలో చుట్టిన పుడక విప్పి అందరికీ చూపించింది. ఏడు రాళ్ల పాతకాలపు పుడక. "మా అమ్మ పోయాక ఎవరికీ ఇయ్యలా. కోడలికని దాచా. పచ్చి ఆరాక ఇది పెడతాం," అంటుంటే ఆవిడ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి.

బ్రహ్మానందం ఆచారి చాప మీద పెట్టె విప్పాడు. సన్నటి బంగారు తీగ కొన ఆకురాయితో అరగదీసి, బొటనవేలి గోటి మీద గుచ్చి పదును చూసుకున్నాడు. కాస్త కరిగిన నెయ్యి గిన్నెలో ముంచి పక్కన పెట్టుకున్నాడు. తూర్పు మొహంగా వేసిన పీట మీద వందన కూర్చుంది. కాటుకతో కుడి ముక్కు మీద చుక్క పెట్టి, అద్దం చూపించాడు.

"తుమ్మొస్తే ముందే చెప్పమ్మా. సగంలో తుమ్మితే నా పేరు పోయిద్ది."

"మిరప్పొడి ఫ్యాక్టరీలో చేస్తా తాతా, నాకు తుమ్ములు రావు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. నాగేంద్రమ్మ మాత్రం నిట్టూర్చింది. "ఎంత ఘాటు పీల్చిందో పిచ్చిపిల్ల."

వెనక నుంచి సుభాషిణి కూతురి తలను పొట్టకు ఆనించుకుని రెండు చెంపలూ పట్టుకుంది. వందనకు ఒక్కసారిగా వద్దని అరవాలనిపించింది. ఎవరితో అనాలి? ఆచారితోనా, ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు. అక్షతలు పట్టుకుని నిలబడ్డ ఎదురింటావిడతోనా? ఈలోపే తీగ దిగింది. చిటుక్కుమన్న చప్పుడు ఆమె ఒక్కదానికే వినిపించింది. కుడికన్ను దానంతటదే ధారగా కారింది, ఎడమకన్ను పొడిగానే ఉంది. ఆచారి పట్టకారుతో తీగ కొనను లోపలికి మెలితిప్పి, "అయిపోయిందమ్మా, బంగారు తల్లి!" అన్నాడు. ఎవరో నోట్లో బెల్లం ముక్క పెట్టారు.

కాఫీల వేళకు నాగేంద్రమ్మ కుర్చీలో తేలిగ్గా వెనక్కి వాలింది. సుభాషిణి గ్లాసుల పళ్లెం పట్టుకుని వచ్చి, ఏదో ఒకటి మాట్లాడాలని, "రేపట్నుంచి పిల్ల ల్యాబ్‌లోకి వదినా. వాళ్ల మేడమ్‌కి మీరూ ఒక మాట చెప్తే..." అంది.

"ఇంకెక్కడి ల్యాబ్ వదినా?" నాగేంద్రమ్మ గొంతులో వెన్న కరుగుతోంది. "తీగ ఉంటే గేటుకాడోళ్లు రానియ్యరుగా. అందుకేగా నేను ఇయ్యాలే అని పట్టుబట్టింది. మానమని నోటితో అంటే పిల్ల మనసు కష్టపడిద్ది, రేపు మన మీద మాటొచ్చిద్ది. ఇట్టాగయితే వాళ్లే వద్దంటారు. ఎవరికీ నొప్పి లేదు."

సుభాషిణి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. ఒక గ్లాసులోని కాఫీ మీద మీగడ కట్టింది. "అట్టాగా వదినా," అని, గ్లాసు ఆవిడ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లింది.

తీగ పెట్టినప్పటి కంటే ఆ క్షణమే వందనకు గుచ్చుకుంది. అమ్మకు ఈ ఎత్తు తెలియదు. నిన్నంతా పసుపు రాసిన మనిషికి ఏమీ తెలియదు.

కారు వెళ్లిపోయాక సుభాషిణి గిన్నెలు తోముతూ, తల తిప్పకుండా అడిగింది. "నీకు తెలుసా?"

"నిన్న తెలిసింది."

"నాకెందుకు చెప్పలా?"

"నీకు తెలుసనుకున్నా."

ఆ మాటకు సుభాషిణి చేతిలో గిన్నె ఆగింది. తర్వాత తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. వందన వెళ్లి పడుకుంది. ముక్కు వాచింది, ఊపిరి తీసినప్పుడల్లా సలుపుతోంది. పొద్దున రాలేకపోయిన హలీమా ఫోన్ చేసింది, తియ్యలేదు. రేపు తన కుర్చీలో ఎవరు కూర్చుంటారో అనుకుంటూ, గోడవైపు తిరిగింది.

సోమవారం కంపెనీ బస్సు వేళకు అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. లేచి చేసేదేముందని దుప్పటి మొహం మీదికి లాక్కుంది. వంటింట్లో తాలింపు చప్పుడు. డబ్బా మూత బిగించిన చప్పుడు. సుభాషిణి వచ్చి దుప్పటి లాగేసింది.

"లెయ్. మొహం కడుక్కునిరా."

"ఎక్కడికి?"

"ముందు రా."

వచ్చేసరికి నిన్నటి పీట నిన్నటి చోటే వేసి ఉంది, పక్కన గోరువెచ్చని నెయ్యి గిన్నె. సుభాషిణి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తడి చేతులు గాల్లో ఆరబెడుతోంది. కూతురిని కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. వందనకు అర్థమైంది.

"అమ్మా, పెళ్లి..."

"పెళ్లి సంగతి పెళ్లికి చూద్దాం. ఇప్పుడు కదలమాక."

నెయ్యి చుక్క వేసింది. ఎండిన నెత్తురు మెత్తబడేదాకా ఆగింది. చిటికెనవేలి గోరు లోపల పెట్టి మెలికను సగం విప్పింది. వందన పీట అంచు పట్టుకుని పళ్లు బిగించింది. ఈసారి రెండు కళ్లూ కారాయి.

హనుమయ్య గుమ్మంలోకి తొంగి చూసి గాభరాపడ్డాడు. "ఏమే, తీసేస్తన్నావా? వాళ్లకేం చెప్తావే?"

"నువ్వు నీళ్లు పోసుకో పో."

మిగతా మెలిక కూడా విడింది. తీగ జారి అరచేతిలో పడింది. సుభాషిణి దాన్ని కాసేపు చూసి గూట్లో పెట్టింది. దూదితో ముక్కు తుడిచి, "బాగా నొప్పా?" అంది. వందన తలూపింది. తల్లి నడుం చుట్టూ చేతులు వేసి పొట్టలో మొహం దాచుకుంది. నిన్న తనను కదలకుండా పట్టుకున్న చేతులే ఇప్పుడు వీపు మీద తడుతున్నాయి.

ఫోన్ మోగింది. నాగేంద్రమ్మ. సుభాషిణి చెయ్యి తుడుచుకుని ఎత్తింది. గొంతు మామూలుగానే సగానికి తగ్గింది.

"ఆఁ వదినా... వాపా? కొంచెం ఉంది వదినా... తీగా? తీసేశా వదినా."

అవతలి గొంతు గది అంతా వినిపించింది. సుభాషిణి ఓపిగ్గా విన్నది.

"పిల్ల కాదు వదినా, దాన్నేం అనమాకండి. నేనే తీశా. బస్సు టైమయింది, గేట్లో ఒప్పుకోరంట గదా, అందుకని... పూడిపోయిద్దా? పోతే పోనీయండి." బయట సెంటర్లో బస్సు హారన్ కొట్టింది. సుభాషిణి అన్నం డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టి, వెళ్లమని కళ్లతోనే చెప్పింది. వందన చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి తల్లి మాట వినిపించింది. అదే నెమ్మది, అదే మర్యాద.

"మీ ఆచారం నేను కాదంటానా వదినా? వచ్చే ఆదివారం మళ్లీ రండి. ఆచారిని పిలిపిస్తా, కాఫీలు పెడతా, మళ్లీ కుట్టిద్దాం. సోమవారం పొద్దున మళ్లీ తీసేస్తా."